బావ ఇంట్లో ఆవిరి బండ్ల యుద్ధం

బావ ఓడిపోవడం నేను మొదటిసారి చూసిన రోజున ఆయన తన బండిని గోడకేసి కొట్టాడు. బండి అంటే అరచేతిలో పట్టే సీసపు బండి. దాని పొగగొట్టం విరిగి మంచం కిందకి దొర్లిపోయింది. గోడమీద సున్నం పెళ్ళ లేచింది. తర్వాత ఆయన నా వైపు చూశాడు. గెలిచినవాణ్ణి నేనే. నా పక్కన కూర్చున్న స్నేహితుడు, అంటే ఆయన బావమరిది, నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాడు. కదలకు అని అర్థం. బావ లేచి, మంచం కింద పాకి, పొగగొట్టం వెతికి తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. “అతికించు” అని బయటికి వెళ్ళిపోయాడు. కాసేపటికి వీధిలో ఎవరినో కొట్టిన చప్పుడు వినిపించింది. కుక్కనేమో అనుకున్నాను. మనిషినే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. తొంభైల మొదట్లో స్టీల్ ప్లాంటులో ఉద్యోగం దొరికి మా నాన్న మమ్మల్ని గోదావరి జిల్లా నుంచి విశాఖ తీసుకొచ్చాడు. కూర్మన్నపాలెంలో ఇల్లు. నేను ఐటీఐ చదివి, పంపులు బాగుచేసే ఒక చిన్న వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాను. ఐటీఐలో నా పక్కన కూర్చున్నవాడే ఈ స్నేహితుడు. వాళ్ళది ప్లాంటు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. వాళ్ళ నాన్న నాటుపడవ మీద వేటకి వెళ్ళేవాడు. వీడు మాత్రం చదువయ్యాక సరుకు ఓడ ఎక్కి ఇంజను గదిలో పనికి కుదిరాడు.

మొదటి ఓడ దిగి వస్తున్నాడంటే ఇంట్లోవాళ్ళు సెంటు సీసాలూ, టేపు రికార్డరూ తెస్తాడని ఎదురుచూశారు. వాడు ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. అందులో గుడ్డలో చుట్టిన సీసపు ముక్కలు. ఆ ఓడలో ముసలి ఇంజనీరు ఒకాయన, పరదేశి, డ్యూటీ దిగాక తన గదిలో కూర్చుని ఇవే అతికించి రంగులు వేసుకునేవాడట. చూపు మసకబారి ఇక తనవల్ల కాదనిపించాక, మిగిలినవన్నీ మావాడికి ఇచ్చేశాడు. ఆట నియమాలున్న చిన్న పుస్తకం కూడా ఇచ్చాడు.

ఆ ఆటలోని లోకంలో పెట్రోలు పుట్టలేదు, కరెంటు లేదు. అన్నీ ఆవిరి మీదే నడుస్తాయి. ఇనపరేకులు తొడిగి రివెట్లు కొట్టిన యుద్ధపు బండ్లు. వెనక రైలింజనుకున్నట్టు బాయిలరు, మీద పొడుగాటి పొగగొట్టం, పక్కల పెద్ద పళ్ళచక్రాలు, ముందు ఫిరంగి. కొన్నిటికి గొలుసు పట్టాలు. ఒకదానికైతే చక్రాలే లేవు, పీతకున్నట్టు కాళ్ళు. ఆడే ఇద్దరూ నేలమీద ఎదురెదురుగా బండ్లు పేర్చుకుని, వంతులవారీగా టేపుతో కొలిచి కదపాలి. గుండు తగిలిందా లేదా అన్నది పాచికలు చెబుతాయి. బాయిలరులో బొగ్గు ఎక్కువేసి బండిని ఇంకా దూరం పరిగెత్తించవచ్చు. కానీ అలా వేసినప్పుడల్లా పాచిక వెయ్యాలి, ఒకటి పడిందంటే బాయిలరు పేలుతుంది. ఆ బండితోపాటు పక్కనున్నవీ పోతాయి.

మా ఇంట్లో ఆ పని కుదరలేదు. ఎనామిల్ రంగులకీ, టర్పెంటైన్ వాసనకీ మా అమ్మకి తలనొప్పి వచ్చేది. పల్లెలో స్నేహితుడి ఇల్లు ఇరుకు. అందుకని చేపల రేవు దగ్గర వాళ్ళక్క ఇంట్లో చేరాము. ఆ ఇంటి ముందుగదిలో వలలు పోసుకునేవారు. వలలు సముద్రంలో ఉన్న రోజుల్లో గదంతా ఖాళీ.

అక్క భర్తే బావ. విశాఖలో మగాళ్ళు దారినపోయేవాణ్ణి కూడా బావా అని పిలుస్తారు, అందులో పెద్ద అర్థం ఉండదు. కానీ రేవులో ఆయన్ని ఎవరైనా బావా అంటే గొంతు కాస్త తగ్గేది. ఇంజను బోటుకి డ్రైవరు. పొట్టి మనిషి. మెడ లేనట్టుండేవాడు. ఎడమ కనుబొమ మధ్యలో గాటు. కొట్టడం ఆయనకి మాట్లాడటమంత తేలిక. ఐసు ఆలస్యమైందని ఐసు కుర్రాణ్ణి కొట్టాడు. తాడు సరిగ్గా చుట్టలేదని బోటులో పనిచేసే కళాసీని నీళ్ళలోకి తోశాడు. అక్కని కూడా కొట్టేవాడు. ఆమె దండచేతి మీద వేళ్ళ గుర్తులు నేను చూశాను. స్నేహితుడూ చూశాడు. వాడు ఒకసారి అడిగితే అక్క వాడినే కసిరింది.

మొదట ఆ బొమ్మల్ని చూసి బావ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. పీతకాళ్ళ బండిని తీసుకుని, బాయిలరు తడిమి, లోపల మనుషులు ఎక్కడ కూర్చుంటారని అడిగాడు. ఫిరంగి గదిలో ఇద్దరు, బొగ్గు వెయ్యడానికి ఒకడు అని స్నేహితుడు పుస్తకం చూసి చెప్పాడు. “మరి ఇది పేలితే ఆళ్ళెలగ బయటికొస్తారు?” అన్నాడు బావ. రారు అన్నాడు వాడు. బావ తల ఊపి, నాకూ నేర్పండన్నాడు.

సీసం పోతపోసినప్పుడు మిగిలిన పొక్కులు ఆకురాయితో గీకడం నా పని. ముక్కలు అతికించడం స్నేహితుడిది. రంగులు మొదట మేమే వేశాము, బాగా రాలేదు. కొత్త సైకిల్లా నిగనిగలాడేవి. అక్క వంటింటి గడపలో కూర్చుని వల అల్లుతూ చూసి చూసి, ఒకరోజు బ్రష్షు నా చేతిలోంచి తీసుకుంది. పోర్టు పక్కన ఇళ్ళలో కిటికీ గట్ల మీద ఇనప ఖనిజం ధూళి ఎర్రగా పేరుకుంటుంది. పొద్దున్న తుడిస్తే సాయంత్రానికి మళ్ళీ ఉంటుంది. ఆరేసిన తెల్ల చీర కూడా ఎర్రబడుతుంది. అక్క వేలితో ఆ ధూళి తీసి, రంగులో కలిపి, రివెట్ల కింద పూసింది. తుప్పు కారినట్టే వచ్చింది. పొగగొట్టం మూతికి పొయ్యి మసి. చక్రాల పళ్ళ మధ్య చేప పొలుసు రంగు. ఆ బండ్లు నిజంగా ఎక్కడో తిరిగి, ఎవరినో తొక్కి వచ్చినట్టుండేవి.

బావ ఆట తీరు ఒకటే. వెనక్కి తగ్గడం ఉండదు. అన్ని బాయిలర్లలోనూ బొగ్గు నింపేసి మీదికి వచ్చెయ్యడమే. సగంసార్లు తన బండ్లే పేలేవి. పేలినా ఆయనకి బాధలేదు, పక్కనున్న మన బండి కూడా పోతే చాలు. ఎదురుగుండా కూర్చుని పాచికలు వేస్తుంటే నా చొక్కా తడిసిపోయేది. ఓడిపోతే ఏం చేస్తాడో తెలియదు. కావాలని ఓడిపోతే కనిపెట్టేసేవాడు, అప్పుడింకా కోపం.

సుత్తి ఆయనే తెచ్చాడు. పుస్తకంలో లేని నియమం అది. చచ్చిన బండిని తీసి పక్కన పెట్టడం ఆయనకి నచ్చలేదు. “సచ్చింది సచ్చినట్టు కనపడాల” అన్నాడు. ఓడిన బండిని గడప రాయి మీద పెట్టి, గెలిచినవాడు సుత్తితో ఒక దెబ్బ కొట్టాలి. స్నేహితుడు మొదటిసారి కొట్టనన్నాడు. బావ వాడి చెయ్యి పట్టుకుని కొట్టించాడు. సీసం మెత్తన కదా, రేకు లోపలికి నొక్కుకుపోయింది. ఆ వారం అక్క దాన్ని సరిచెయ్యలేదు. నొక్కుకి నల్లరంగు, దాని అంచుల్లో మెరిసే వెండిరంగు, లోపల ఎరుపు వేసింది. ఆ ఎరుపు ఏమిటని నేను అడగలేదు.

తర్వాత ఆదివారాల్లో బోట్ల మీద పనిచేసేవాళ్ళు చూడటానికి రాసాగారు. గోడలకి ఆనుకుని, కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేవారు. కొలతలూ పాచికలూ వాళ్ళకి పట్టేవి కావు. సుత్తి దెబ్బ కోసం చూసేవారు. దెబ్బ పడగానే గది మొత్తం ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలేది. నాకూ ఆ చప్పుడు బాగుండేదని చెప్పాలి. వర్క్‌షాపులో వారమంతా తిట్లు తిని వచ్చేవాణ్ణి.

ఆ ఏడు సముద్రంలో గొడవలు ముదిరాయి. ఇంజను బోట్లు లోతుకి పోకుండా ఒడ్డు దగ్గరికే వచ్చి వలలు లాగుతున్నాయని పల్లెల వాళ్ళ కోపం. నాటుపడవల వాళ్ళు పరిచిన వలల మీదుగా బోట్లు పోతే వలలు చీలికలైపోయేవి. అడిగితే బోట్ల మీంచి రాళ్ళు విసిరేవారు. ఇటు బోట్ల వాళ్ళదీ ఒక గోడు, లోతులో చేప లేదు, డీజిలు మండిపోతోంది అని. రేవులో రోజూ ఎవరో ఒకరు తలకి కట్టుతో కనిపించేవారు.

ఒకరోజు తెల్లారాక బావ నడుపుతున్న బోటు తన మామ పల్లె, అంటే స్నేహితుడి ఊరి ముందుకే పోయింది. కావాలని పోయాడో, చేపల గుంపు వెంటపడి పోయాడో నాకు తెలియదు. పల్లె వలలు చీల్చుకుంటూ పోతుంటే ఒక వల బోటు పంకాకి చుట్టుకుని ఇంజను ఆగిపోయింది. నాటుపడవలన్నీ చుట్టుముట్టాయి. తెడ్లతో కొట్టారు. బోటులో వాళ్ళు నీళ్ళలోకి దూకి ఈదుకుంటూ పోయారు, బావ దూకలేదు. తిరిగి కొట్టాడు. ఇద్దరి పళ్ళు రాలగొట్టాడు. చివరికి ఆయన్ని పడగొట్టి, లంగరు తాడుతో కట్టి, ఇసకలో కూలబడేశారు. కుడి చెవి కింది భాగం చిరిగి వేలాడుతోందట. ఆడవాళ్ళు వచ్చి మీద ఇసక పోశారు.

అప్పుడు స్నేహితుడి తండ్రి వచ్చాడు. ఆయన వల కూడా పోయింది. అల్లుణ్ణి ఒక్క దెబ్బ కొట్టలేదు. వంగి కట్లు విప్పాడు. ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. రోడ్డు దాకా వెంట వచ్చి ఆటో ఎక్కించాడు.

ఇది నాకు స్నేహితుడు చెప్పాడు. వాడప్పుడు ఓడ దిగి సెలవులో పల్లెలోనే ఉన్నాడు. కొట్టినవాళ్ళని బావ మర్చిపోతాడేమో గాని విప్పినవాణ్ణి మర్చిపోడని వాడన్నాడు. అయినా వచ్చిన ఆదివారం మేమిద్దరం అక్క ఇంటికి వెళ్ళాము. అక్కని చూడాలి కదా.

మధ్యాహ్నం భోజనాల వేళ. గది నిండా మనుషులు. అలా ఉండటం మామూలే కాబట్టి ఆటే అనుకున్నాను. లోపలికి వెళ్ళి చూస్తే నేలమీద సుద్దతో పొడవాటి గీత గీసి ఉంది. గీతకి ఇవతల అగ్గిపెట్టెలు వరసగా. అవతల మా బండ్లు గుంపులు గుంపులుగా. బావ చెవికి కట్టుతో, చేతిలో సుత్తితో గొంతుక్కూర్చుని ఉన్నాడు. గీత సముద్రపు ఒడ్డు, అగ్గిపెట్టెలు ఇళ్ళు, బండ్లు బోట్లు అని అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది. స్నేహితుడికి పట్టలేదు. అది వాడి ఊరు. మూలనున్న అగ్గిపెట్టె వాళ్ళ రామాలయమని వాడు వెంటనే గుర్తుపట్టాడు.

బావ పీతకాళ్ళ బండిని తీసి వాడికి అందించాడు. అక్క వేసిన వాటిల్లో అన్నిటికంటే బాగా వచ్చిన బండి అది.

“ఇది మీ అయ్య పడవ. ఏ పక్కన కట్టుతాడో నీకే తెలుసు. అక్కడెట్టు.”

“నానెట్టను బావా.”

“ఎట్టమన్నాను.”

“నీ కట్లు ఇప్పింది మా అయ్యే. నీ ఒంటి మీద సెయ్యి పడకుండా అంపేడు.”

“అందుకే ముందర ఆ పడవే కాలాల,” అన్నాడు బావ. గొంతు పెంచలేదు.

స్నేహితుడు బండిని నేలమీద జారవిడిచాడు. బావ లేచి వాడి నోటి మీద పిడికిలితో గుద్దాడు. వాడు తలుపు చెక్కకి కొట్టుకుని పడ్డాడు. నోట్లోంచి రక్తం, అందులో పన్ను. ఇంకోడు వాడి కడుపులో తన్నాడు. వాడెవడో నాకు తెలుసు, ప్రతి ఆదివారం నా పక్కనే నిలబడి బీడీ కాల్చుకునేవాడు. గది చిన్నదైపోయినట్టు అందరూ ముందుకి జరిగారు.

నేను మోకాళ్ళ మీద పడి బండ్లన్నీ రెండు చేతులతోనూ దగ్గరికి లాక్కోవడం మొదలుపెట్టాను. ఎందుకలా చేశానంటే సరిగా చెప్పలేను. ఆ మనుషుల్ని ఆపే బలం నాకు లేదు. కనీసం ఆ ఊరిని నేలమీంచి తుడిచేద్దామనుకున్నాను కాబోలు. అగ్గిపెట్టెలు చెదిరిపోయాయి. సుద్దగీత నా లుంగీకి అంటుకుంది.

సుత్తి నా కుడిచేతి మీద పడింది.

చప్పుడు నాకు ముందు వినిపించింది, నొప్పి తర్వాత వచ్చింది. చూస్తే మధ్యవేలూ ఉంగరపు వేలూ పక్కకి తిరిగి ఉన్నాయి, వేళ్ళ కింద ఒక బండి నలిగి అప్పడమై ఉంది. చెయ్యి వెనక్కి లాక్కోవాలని కూడా తోచలేదు. తలెత్తితే బావ మళ్ళీ సుత్తి ఎత్తుతున్నాడు. ఆయన ముఖంలో కోపం లేదు. ఆట ముగిసి, గడప రాయి దగ్గర కూర్చున్నప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది.

అప్పుడు అక్క వంటింట్లోంచి వచ్చింది. గంజి వారుస్తున్న గిన్నె గుడ్డతో పట్టుకుని, అలాగే వచ్చింది. మనుషులు దారి ఇచ్చారు, ఆడమనిషి వేడిగిన్నెతో వస్తే ఎవరైనా ఇస్తారు. ఆమె బావ వెనక నిలబడి ఆ గంజి అంతా ఆయన కుడి భుజం మీదుగా, చేతి మీదుగా పోసింది. విసరలేదు. పోసింది.

ఆయన అరుపు నేను ఇక్కడ రాయలేను. సుత్తి పడిపోయింది. గంజి చొక్కాకి పట్టుకుని కింద దాకా కారింది, ఆయన చొక్కా పీక్కుంటే దాంతోపాటు చర్మం వచ్చింది. నా కాళ్ళ మీద కూడా పడింది, బొబ్బలెక్కాయి. మనుషులు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ వాకిట్లోకి పరిగెత్తారు. ఆ తొక్కిడిలో బండ్లు మిగల్లేదు. ఆ గొడవలోనే స్నేహితుడు లేచి బయటపడ్డాడు. రక్తం కారుతున్న నోటితోనే బస్సెక్కి పల్లెకి పోయాడని నాకు తర్వాత తెలిసింది.

అక్క గిన్నె కింద పెట్టి, బిందెడు నీళ్ళు తెచ్చి మొగుడి మీద కుమ్మరించింది. నా చేతికి తువ్వాలు చుట్టింది. ఆటో పిలిచింది. పెద్దాసుపత్రి దాకా ముగ్గురమూ ఒకే సీటులో వెళ్ళాము. ఆ పక్క బావ, ఈ పక్క నేను, మధ్యన ఆమె. ఆయన చెయ్యి దేనికీ తగలకుండా ముందుకి చాపి పట్టుకున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా మేమిద్దరం ఒకేసారి మూలిగేవాళ్ళం. ఆటోవాడు అద్దంలోంచి చూసి తల తిప్పేసుకున్నాడు.

పోర్టు గేటు దగ్గర లారీలకి అడ్డంపడి ఆటో ఆగింది. అప్పుడు బావ మాట్లాడాడు.

“మీవోళ్ళ కోసం నన్ను కాల్చేవు.”

అక్క రోడ్డు వైపే చూస్తోంది. “మావోళ్ళ కోసం కాదు. ఈ తమ్ముడి మీద రెండోసారి సుత్తి లేపేవు. ఒకసారయితే ఊరుకుందును.”

ఆ ఒక్కసారికి ఊరుకునేదాన్నని ఆమె అన్న మాట ఆ నొప్పిలోనే నా లోపల దిగబడింది. ఇన్నేళ్ళు ఆమె ఎన్ని ఒకసారులకి ఊరుకుందో అనుకున్నాను.

ఆసుపత్రిలో పోలీసులు అడిగితే బావే చెప్పాడు, గంజి గిన్నె జారిందని. నా చెయ్యి ఎలా విరిగిందంటే, అదీ జారి పడ్డప్పుడే అన్నాడు. నేను కాదనలేదు.

బావ లేకపోయినా బోట్లు ఆగలేదు. రెండు బోట్లు ఆ సాయంత్రమే పల్లె మీదికి పోయాయి. స్నేహితుడు ముందే చేరడంతో ఆడవాళ్ళనీ పిల్లల్నీ లోపలి ఊళ్ళోకి పంపేశారు. మగాళ్ళు ఒడ్డున రాళ్ళు కుప్పపోసుకుని కూర్చున్నారు. బోట్ల మీంచి విసిరిన నిప్పుకి వలలు దాచుకునే పాక తగలబడింది. పడవలు కొన్ని కాలాయి. బోటు మీంచి కిరసనాయిలు సీసా విసరబోయినవాడికి రాయి తగిలి కన్ను పోయింది, ఆదివారాలు నా పక్కన నిలబడి బీడీ కాల్చుకునేవాడే. బోటు మీంచి వచ్చిన రాయి తగిలి స్నేహితుడి తండ్రికి ఎడమచెయ్యి మోచేతి దగ్గర విరిగింది. చావులు లేవు. లేకపోవడం ఎవరి గొప్పా కాదు, అలలు పెద్దవిగా ఉండి బోట్లలోవాళ్ళు ఒడ్డున దిగలేకపోయారు, అంతే. తర్వాత పోలీసులు వచ్చి ఇసకలో గుడారం వేసుకుని చాలా రోజులున్నారు. రెండువైపులా పెద్దలు కూర్చుని, బోట్లు ఒడ్డుకి ఎంత దూరంలో తిరగాలో మాట్లాడుకున్నారు. కొన్నాళ్ళు ఆ మాట నిలబడింది. మళ్ళీ మామూలే.

మా నాన్న ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసేవాడు. కాలిన మనుషుల్ని చూసి చూసి ఉన్నాడు. ఆయన ముంజేతి మీదే ఒక పాత మచ్చ ఉండేది. మర్నాడు డ్యూటీ దిగి తిన్నగా ఆసుపత్రికి వెళ్ళి, బావ మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నేను గుమ్మం దగ్గరున్నాను. కాలిన చోట చర్మం బిగుసుకోకుండా చెయ్యి ఎలా చాపుకుంటూ ఉండాలో, ఏ నూనె రాయాలో నాన్న నిదానంగా చెప్పాడు. బావ వింటున్నాడు. అంతా చెప్పాక నాన్న లేచి నిలబడ్డాడు.

“మా వాడి వేళ్ళు రెండు ఇంక ముడుచుకోవటండీ. డాక్టరుగారు చెప్పారు. అది కూడా మీకు చెబుదామని వచ్చాను.”

బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాన్న చెప్పుల చప్పుడు వరండాలో చాలాసేపు వినిపించింది.

చెయ్యి మానాక బావ బోటు నడపలేకపోయాడు. చుక్కాని గట్టిగా తిప్పితే మానిన చోట పగిలేది. ఐసు ఫ్యాక్టరీలో లారీలు ఎక్కించే దగ్గర మేస్త్రీగా చేరాడు. ఆ తర్వాత ఆయన ఎవరినైనా కొట్టినట్టు నేను వినలేదు. చెయ్యి రాక కొట్టలేదో, మనసు రాక కొట్టలేదో ఆయనకే తెలియాలి. మా స్నేహితుడు ఆయనతో మళ్ళీ మాట్లాడలేదు. కొత్త పన్ను కట్టించుకుని ఓడ ఎక్కేశాడు.

అక్క బావని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చి, తన పని తాను చేసుకునే దాకా చూసుకుని, ఆ తర్వాత ఒకరోజు బట్టలు సర్దుకుని తండ్రి దగ్గరికి వెళ్ళిపోయింది. నాన్న చెయ్యి విరిగింది, వండిపెట్టేవాళ్ళు లేరు అని అందరికీ చెప్పింది. ఆయన చెయ్యి అతుక్కున్నాక కూడా తిరిగి రాలేదు.

నాకు బండ్ల మీద ధ్యాస పోలేదు. పోవాలి నిజానికి. చెయ్యి నొప్పి పెడుతున్న రోజుల్లో కూడా కళ్ళు మూసుకుంటే రివెట్లు కనిపించేవి. నాలుగైదేళ్ళు గడిచాక మద్దిలపాలెంలో ఒక కంప్యూటర్ల ఇన్‌స్టిట్యూట్ మేడమీద కుర్రాళ్ళు కొందరు ఇలాంటి ఆటే ఆడుతున్నారని తెలిసి వెళ్ళాను. ఇంటర్నెట్‌లో చూసి తెప్పించుకున్నారట. ఇంగ్లీషులో పోట్లాడుకుంటూ, పుస్తకం చూసి అంగుళాలు సరిచూసుకుంటూ ఆడుకునేవారు. వాళ్ళలో ఒకడు ఊరొదిలి పోతూ తన బండ్లు నాకిచ్చాడు. రంగు వెయ్యనివి. నేను మూడు వేళ్ళతో బ్రష్షు పట్టి చూశాను. గీత వణికింది.

అవి పట్టుకుని పల్లెకి వెళ్ళాను. అక్క పాక ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. నన్ను చూసి ముందు నా చెయ్యి పట్టుకుని వేళ్ళు వంచి చూసింది, వంగకపోతే వదిలేసింది. సంచీలో ఏముందని అడిగింది. చూపించాను. కోప్పడుతుందనుకున్నాను. చేతులు కడుక్కుని వచ్చి, చాప పరిచి, రంగులు ఏవని అడిగింది.

ఆ తర్వాత నేను చాలా ఆదివారాలు అక్కడికే వెళ్ళాను. పల్లెలో ఖనిజపు ధూళి లేదు, ఆమె ఇటుకపొడి నూరి కలిపింది. బండ్లన్నీ పూర్తయిన రోజున వాటిని చాపమీద వరసగా పెట్టి, నా వైపు చూసి అంది.

“అన్నాళ్ళు మీరు ఆడితే సూసేను గాని, ఎప్పుడూ నాను ఆడనేదు. ఎలగాడాలో సెప్పు.”

చెప్పాను. ఆమెకి కొత్తగా చెప్పవలసింది ఏమీ లేదని రెండో వంతులోనే తెలిసింది. ఆమె బావలా మీదికి రాలేదు. తన బండ్లని, ఆట కోసం చాపమీద పోసుకున్న ఇసక దిబ్బ వెనక పెట్టుకుని, కదపకుండా, నన్నే రానిచ్చింది. నేను దగ్గరికి వెళ్ళేకొద్దీ నా బండ్లు ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. అప్పుడు కొట్టడం మొదలుపెట్టింది. ముందు వెనకదాన్ని కొట్టి, తప్పించుకునే దారి మూసింది. తర్వాత పక్కలవి. పాచికలు వేస్తున్నప్పుడు ఆమె పెదవులు బిగుసుకున్నాయి, మెడ నరం లేచింది. నా చివరి బండి చక్రం విరిగి కదలలేని స్థితిలో ఉంది. ఇక చాలు అక్కా, నువ్వే గెలిచావు అన్నాను.

ఆమె విననట్టే టేపు తీసి కొలిచి, పాచికలు వేసి, దాన్ని కూడా పడగొట్టింది. ముఖానికి పట్టిన చెమట కొంగుతో తుడుచుకుంది. వాళ్ళ నాన్న గుమ్మంలో కూర్చుని ఇదంతా చూస్తున్నాడు.

“మళ్ళీ ఎట్టు తమ్ముడూ,” అంది. “ఈపాలి నువ్వు దిబ్బ యెనక ఉండు. నానొస్తాను.”